నీళ్ళు లేవని చెప్పిన లాడ్జి

నేను ఉద్యోగ విరమణ చేశానని మా చర్చిలో శాలువా కప్పారు. మైకు చేతికిస్తే, "విరమణ కాదండీ, నన్ను తీసేశారు" అని చెప్పాను. పాస్టరు గారు దగ్గారు. ముందు వరసలో కూర్చున్న మా ఆయన తల దించుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట చెప్పడానికి అప్పుడూ సిగ్గనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఎందుకు తీసేశారో తెలిస్తే మీకూ అనిపించదు.

హోటళ్ళలో, లాడ్జీల్లో పనికి చేరబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. అందులోనూ ఇప్పుడు అడవి అంచుల్లో పుట్టగొడుగుల్లా లేస్తున్న ఎకో లాడ్జీల్లో చేరబోయేవాళ్ళ కోసం. పరుపు మీద దుప్పటి మూల ఎలా మడవాలో మీ కాలేజీలో నేర్పుతారు. ప్రమోషన్ ఎలా కొట్టాలో నాకంటే బాగా చెప్పేవాళ్ళు వీధికొకరు ఉన్నారు. నేను చెప్పేది వాళ్ళెవరూ చెప్పరు, చెబితే వాళ్ళ ఉద్యోగం పోతుంది. నాకిక పోవడానికి ఉద్యోగం లేదు కాబట్టి నిబ్బరంగా రాస్తున్నాను.

ముందు కాళ్ళు చూడు

నా పేరు సలోమి. మాది మార్కాపురం. మా నాయన పలకల కార్ఖానాలో రాయి చీల్చేవాడు. ఎండాకాలం వస్తే నీళ్ళ ట్యాంకర్ ఊరంతా తిరిగి, అందరూ పట్టుకున్నాక మా పేటకు వచ్చేది. అప్పటికి అడుగున మిగిలిన దాంట్లో నీళ్ళెన్ని, తుప్పెంత అని చూసుకుంటూ బిందె నింపుకునేవాళ్ళం. ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. నీళ్ళ విలువ గురించి నాకు పవర్‌పాయింట్ వేసి చూపించబోయిన పెద్దమనుషులు చాలామంది ఉన్నారు, వాళ్ళకు వినబడాలని చెబుతున్నాను.

నేను మొదట చేరింది పెద్దదోర్నాల జంక్షన్‌లో, శ్రీశైలం బస్సులు ఆగే చోట ఉన్న ఒక హోటల్లో. ఓనరును అందరం పెద్దాయన అనేవాళ్ళం. చదువు లేదు, నోరు మంచిది కాదు, కానీ నేను చూసిన బాసుల్లో ఆయనను మించినవాడు లేడు. శివరాత్రికి జనం కొండకు నడిచి పోయేవాళ్ళు. వాళ్ళూ, కార్లలో వచ్చినవాళ్ళూ ఒకేసారి హోటల్ మీద పడేవాళ్ళు. ఎవరిని ముందు కూర్చోబెట్టాలో తెలియక నేను బిక్కమొహం వేస్తే ఆయన అరిచాడు.

"మొహాలేంది పాపా చూస్తుండావు, ముందు కాళ్ళు చూడు. పుండ్లు పడిన కాళ్ళు లోపలికి. బూట్లు నిలబడనీ."

పుండ్లు పడిన కాళ్ళవాళ్ళకు ముందు నీళ్ళు, తర్వాత బల్ల, ఆ తర్వాతే ఏం కావాలని అడగడం. కారులో వచ్చినవాళ్ళు గొణిగేవాళ్ళు. "కొండకు పోతుండారు గదా, అక్కడా లైనే" అనేవాడు పెద్దాయన. అతిథి దేవుడంటే నాకు అర్థమైంది అక్కడే. అందరు దేవుళ్ళూ ఒకటి కాదని కూడా అక్కడే అర్థమైంది.

బోర్డు మీద వాన

ఆ తర్వాత మార్కాపురం లాడ్జీల్లో చాలా కాలం చేశాను. అవి దాటేస్తాను, వాటిలో చెప్పదగ్గది తక్కువ, చెప్పకూడనిది ఎక్కువ. ఉద్యోగంలో ఆఖరి దశ మొత్తం దోర్నాల దాటాక, నల్లమల అంచున ఉన్న ఒక ఎకో లాడ్జిలో మేనేజరుగా గడిచింది. దాని ఓనరు ఒంగోలు గ్రానైట్ వ్యాపారి. పేరు రాయను, సార్ అంటాను.

సార్ ఒకసారి కుటుంబంతో పడమటి కనుమల్లో ఒక వాన అడవికి పోయి, అక్కడి లాడ్జిలో దిగి, పిచ్చెక్కి వచ్చాడు. చెక్క గది, రేకు మీద వాన చప్పుడు, కిటికీ తీస్తే పొగమంచు. అలాంటిది తనకూ కావాలనుకున్నాడు. నల్లమల పక్కన పట్టా భూమి చవగ్గా దొరికింది. గదులు లేపి గేటు మీద పెద్ద అక్షరాలతో 'రెయిన్‌ఫారెస్ట్ ఎకో లాడ్జ్' అని బోర్డు పెట్టించాడు.

మా నల్లమలను రెయిన్‌ఫారెస్ట్ అన్నది భూమి పుట్టాక ఆ బోర్డు ఒక్కటే. మాది ఎండుటడవి. చలి తగ్గగానే చెట్లు ఆకు రాల్చడం మొదలుపెడతాయి. ఎండలు ముదిరేసరికి కొండంతా కర్రలు పాతినట్టు ఉంటుంది. అది చావు కాదు. ఉన్న కాస్త తడి కాపాడుకోవడానికి చెట్టు ఆకును వదులుకుంటుంది, తొలకరి పడగానే మళ్ళీ తొడుక్కుంటుంది. ఆ మాత్రం తెలివి మా బోర్డుకు లేకపోయింది.

ఎండాకాలం సెలవులకు పిల్లాజెల్లాతో వచ్చిన గెస్టులు కారు దిగి చుట్టూ చూసి, "ఏంటండీ, అడవి చచ్చిపోయిందా?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నకు సార్ కనిపెట్టిన జవాబు ఏమిటంటే, దారికి రెండు వైపులా విదేశీ తాటిచెట్లు, వాటికి పొద్దంతా స్ప్రింక్లర్లు, వరండాల్లో నీటి తుంపర చల్లే పైపులు, ప్రతి స్నానాల గదిలో నెత్తి మీద జల్లు కురిపించే పళ్ళెమంత షవరు. ఇదంతా ఒక్క బోరు మీద. ఆ బోరు వాగు పక్కన.

గదిలో మాత్రం వెదురు టూత్‌బ్రష్ పెట్టేవాళ్ళం. ప్లాస్టిక్ స్ట్రా కనబడితే సార్ మండిపడేవాడు. బయట తుంపర పైపులు అడవిలోని నీళ్ళన్నీ గాలిలో కలిపేస్తుంటే, లోపల నేను వెదురు బ్రష్ గొప్పదనం వివరించేదాన్ని. సస్టెయినబుల్ అనే మాట పలికినప్పుడల్లా నాకు నాలుక మీద చేదు తగిలేది.

నిజం వాన అడవిలో

మర్యాదలు నేర్చుకుని రమ్మని సార్ నన్ను తాను దిగిన ఆ లాడ్జికే పంపించాడు. ట్రైనింగ్ పేరేగానీ గెస్టులాగే ఉన్నాను. జీవితంలో నేను గెస్టుగా దిగిన లాడ్జి అదొక్కటే.

మొదటి పొద్దు వాన చూసి భయమేసింది. మాకు వాన అంటే వచ్చి పోయేది. అక్కడ వాన ఊళ్ళో మనిషిలా కాపురం ఉంటుంది. బట్టలు ఆరవు, అప్పడాలు మెత్తబడతాయి, పాదం దించితే జలగ పట్టుకుంటుంది. తెల్లవారి లేచి, కారే చూరు కింద అలవాటుకొద్దీ బకెట్ పెట్టాను. అది నిండింది. ఇంకో బకెట్ తెచ్చాను. అదీ నిండింది. గది ఊడ్చే అమ్మాయి నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నీళ్ళను పారబోయడానికి నాకు చేతులు రాలేదు. తుడిచిన నేలనే మళ్ళీ తుడిచి, ఉతికిన చీరనే మళ్ళీ ఉతికి, ఆ బకెట్లు ఖాళీ చేసుకున్నాను.

అక్కడి మేనేజరు నడివయసు కన్నడ మనిషి. "జోరు వానల నెలల్లో మీ లాడ్జి ఎలా నడుపుతారు?" అని అడిగాను.

"నడపం. మూసేస్తాం" అన్నాడు వచ్చీరాని తెలుగులో. "దారి జారుతుంది, చెట్లు పడతాయి, జంతువులు పిల్లల్ని పెడతాయి. మనకేం పని అక్కడ?"

"మరి గెస్టులు?"

"ఇంకో నెలలో వస్తారు."

అంతే చెప్పి టీ తాగాడు. అంత పెద్ద లాడ్జి, అంత పేరున్న లాడ్జి, రావద్దని చెప్పడానికి కొంచెమైనా తడబడలేదు. రైలెక్కి వస్తూ దారిపొడుగునా ఆ ఒక్క సంగతే ఆలోచించాను. వాళ్ళ అడవికి వానాకాలంలో సెలవు. మా అడవికి సెలవు కావలసింది ఎండాకాలంలో. సార్ అక్కడి షవరు చూశాడు, పొగమంచు చూశాడు, మూసిన గేటు ఒక్కటి చూడలేదు.

చుట్టం ముందర

ఇక నేను తలవంచని సంగతికి వస్తాను. తప్పంతా సార్‌దే అని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ అబద్ధమవుతుంది. సగం ఆయన దురాశ, సగం మా పరువు.

మా లాడ్జిలో గదులు చూసే ఆడవాళ్ళకు పెద్దగా ఉండేది ఓబుళమ్మ. పక్క పల్లెలో సొంత చేను ఉన్న రైతు ఇంటి మనిషి. కందులు పండక, మిరప ఎండిపోయి, లాడ్జి పనికి వచ్చింది. నాకంటే వయసులో పెద్దది, పనిలో పులి. నేను పోసిన నీళ్ళు తాగడానికి ఆమెకు కొంత కాలం పట్టింది. ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తాగడం మొదలుపెట్టిన రోజు నుంచి మేడమ్ అనడం మాని సలోమమ్మా అని పిలిచేది, నేను అత్తా అనేదాన్ని.

ఆ ఎండాకాలం బోరు తగ్గింది. మోటారు కాసేపు ఆడి గాలి కొట్టేది. అయినా గెస్టుల గదుల్లో ఒక్క కుళాయీ ఆగలేదు. టబ్బులు నిండాయి, షవర్లు కురిశాయి. ఎలా అని నేను ఆశ్చర్యపోయాను. తర్వాత ఒక్కొక్కటీ కంటపడింది. ఆడవాళ్ళ తలలకు నూనె పట్టి ఉంది, స్నానాలు మానేశారు. కట్టిన చీరలే కడుతున్నారు. కంచాలు కడగకుండా విస్తళ్ళలో తింటున్నారు. ఒకరోజు పొద్దున్నే లేచి వెనక వైపుకు పోతే, ఓబుళమ్మ, ఆమె వెనక మిగతావాళ్ళు, వరసగా బిందెలు ఎత్తుకుని వాగులోంచి వస్తున్నారు. వాగులో ఇసుక తోడి చేసిన చెలమ ఒకటి ఉండేది. ఎండాకాలమంతా నీళ్ళు ఊరే చోటు అదొక్కటే. ఆ నీళ్ళు తెచ్చి మా ట్యాంకులో పోస్తున్నారు.

"ఏంది అత్తా ఈ పని? ఎవరు చెప్పినారు మీకు?"

"ఎవరో చెప్పాల్నా? కుళాయి ఆగితే చుట్టాల ముందర ఏం మొహం పెట్టుకోని నిలబడతాం?"

"లేవని చెప్తే సరిపోదా?"

ఆ మాటకు ఆమె బిందె దించి, నేనేదో బూతు మాట్లాడినట్టు చూసింది. "కరువొచ్చిన యేడు మా నాయన ఎద్దుల కోసం పెట్టుకున్న నీళ్ళు తెచ్చి అల్లుడి కాళ్ళ మీద పోసినాడు. ఎద్దులు అరుస్తానే ఉండాయి. లేవని మాత్రం నోటితో అనలేదమ్మా. చుట్టంతో నీళ్ళు లేవన్నాక ఇంక ఆ ఇంట్లో ఏముంటాది?"

మీకు ఈ మాట వింతగా ఉండవచ్చు. మా పడమటి ప్రకాశంలో పుట్టినవాళ్ళకు వింత కాదు. అన్నం లేదని చెబుతారు, అప్పు ఉందని చెబుతారు, నీళ్ళు లేవని మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళతో చెప్పరు. ఇల్లంతా ఒళ్ళు తడుపుకోకుండా ఉండి, వచ్చిన మనిషికి అండా నిండా వేడినీళ్ళు కాచి పెడతారు. ఆ మనిషి అది తెలియక రెండోసారి కూడా పోసుకుంటాడు. మా పేటలోనూ అంతే, వాళ్ళ పల్లెలోనూ అంతే. ఆ ఒక్క విషయంలో మాకు తేడా లేదు. నీళ్ళున్న కోస్తాలో ఎవరూ ఇంత గొప్పగా నీళ్ళు ధారపోయరు. లేనివాళ్ళం కాబట్టే ధారపోస్తాం.

ఆ మర్యాద ఇంట్లో ఉన్నంతవరకు దాని ఖర్చు ఇంటివాళ్ళే భరిస్తారు. లాడ్జిలో భరించింది వేరేవాళ్ళు. వాగు అవతల చెంచుల గూడెం ఉంది. వాళ్ళు తాగేది ఆ చెలమ నీళ్ళే. దుప్పులూ కొండముచ్చులూ వాళ్ళ తర్వాత వచ్చి తాగేవి. బోరు అడుగున లాగుతుంటే, మా బిందెలు పైన తోడేస్తుంటే, చెలమ ఇంకిపోయింది.

గూడెం నుంచి ఈరమ్మ అనే ముసలామె వచ్చి మా వంటింటి మెట్టు మీద కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. టీ ఇస్తే తాగింది. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"మీ చుట్టాలు ఎప్పుడు పోతారమ్మా?"

"ఎందుకవ్వా?"

"వాళ్ళు పోతే మేము నీళ్ళు తాగుదామని."

నా వృత్తి జీవితంలో అంత సూటి ప్రశ్న ఏ బాసూ అడగలేదు. పక్కనే అంట్లు సర్దుతున్న ఓబుళమ్మ విన్నది.

ఒక్క బకెట్

ఆ రోజే తుంపర పైపులు కట్టేయించాను. స్ప్రింక్లర్లు విప్పించి స్టోరులో పడేశాను. షవర్లకు నీళ్ళు ఆపి, గదికి ఒక బకెట్, ఒక చెంబు పెట్టించాను. గెస్టు దిగగానే నేనే ఎదురుపోయి చెప్పేదాన్ని: "ఇది ఎండుటడవి. నీళ్ళు లేవు. ఒంటికి ఒక బకెట్ ఇస్తాం. ఉంటే ఉండండి, లేదంటే మార్కాపురంలో మంచి లాడ్జి చూపిస్తాను."

ఓబుళమ్మ ఆ మాటలు వినలేక లోపలికి పోయేది. కొంతమంది గెస్టులు అటునుంచి అటే పోయారు. ఒకాయన నన్ను ఫోన్లో వీడియో తీస్తూ, "ఎకో లాడ్జి అని పిలిచి స్నానానికి నీళ్ళివ్వరట" అని లోకానికి చెప్పుకున్నాడు. ఇంకోసారి చెప్పండి, నా మొహం సరిగ్గా పడలేదేమో అన్నాను. ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. ఒక టీచరమ్మ బకెట్‌లో సగం మిగిల్చి, ఆ నీళ్ళు ఎక్కడ పోయమంటారని అడిగింది. ఇన్నేళ్ళలో తెలుసుకున్నది చెబుతున్నాను, గెస్టులను చూసి భయపడకండి. నిజం చెబితే సగం మంది మనుషుల్లాగే ప్రవర్తిస్తారు. మిగతా సగం నిజం చెప్పకపోయినా మనుషుల్లా ప్రవర్తించరు.

నెమ్మదిగా చెలమ మళ్ళీ ఊరింది. బోరు పూర్తిగా ఆపితే నిలకడగా ఉంటుందని తెలిసింది. సార్‌కు ఫోన్ చేసి, తొలకరి పడేదాకా లాడ్జి మూసేద్దాం అన్నాను.

"సీజన్లో మూయడమేంటండీ? మీకేమైనా మతిపోయిందా?" అన్నాడు.

"మీరు దిగిన లాడ్జి కూడా మూస్తారు సార్. కనుక్కోండి."

"వాళ్ళ సంగతి వేరు. శనివారం నేనే వస్తున్నాను, పార్టనర్లు ఫ్యామిలీలతో వస్తున్నారు. మా అమ్మ కూడా వస్తోంది. బోరు ఆన్ చేయించండి. తుంపర పైపులన్నీ తిరగాలి. పచ్చగా ఉండాలి."

నేను చేయించలేదు.

గేటు దగ్గర

శనివారం ఎండ నిప్పులు చెరుగుతున్నప్పుడు కార్లు వచ్చాయి. గేటుకు తాళం వేసి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సార్ దిగాడు.

"సలోమి గారూ, తాళం తీయండి."

"తియ్యను సార్. లోపల నీళ్ళు లేవు."

"ట్యాంకు ఉంది కదా?"

"అది గూడెం కోసం పట్టి పెట్టినాము. చెలమ నిలబడేదాకా వాళ్ళకు ఇస్తుండాము."

ఆయన పార్టనర్లు కార్ల అద్దాలు దించి చూస్తున్నారు. ఆయన మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం తగ్గించాడు. "ఇంటికొచ్చినవాళ్ళను రోడ్డు మీద నిలబెడతారా? మీ ఏరియా వాళ్ళ మర్యాద గురించి గొప్పగా విన్నానే."

"ఆ మర్యాదతోనే సార్ వాగు ఎండింది."

"తాళంచెవి ఇవ్వండి. రేపటి నుంచి మీరు రావక్కర్లేదు."

ఇచ్చేశాను. భూమి ఆయనది, గేటు ఆయనది, కాదనడానికి నాకు హక్కు లేదు. తీసేస్తాడని తెలిసే కూర్చున్నాను. విరమణకు ఇంకా గడువుంది, అప్పటిదాకా నోరు మూసుకుంటే శాలువా గౌరవంగా వచ్చేది. కార్లు నన్ను దాటి లోపలికి పోయాయి. ఓడిపోయాననే అనుకున్నాను. నా సంచీ తెచ్చుకోవడానికి వెనకాలే నడిచాను.

మా లాడ్జిలో ఒక పద్ధతి ఉండేది. గెస్టులు మెట్లెక్కే ముందు ఓబుళమ్మ ఇత్తడి చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చేది. సార్‌కు అది ఎంతో ఇష్టం, ఫోటోలు తీయించి పెట్టుకున్నాడు. ఆ రోజు కూడా ఆమె మెట్ల మీద నిలబడి ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

కారులోంచి సార్ వాళ్ళమ్మను చెయ్యి పట్టుకుని దించారు. బక్కపలచటి ముసలావిడ, ఎండకు వడలిపోయి ఉంది. సార్ మెట్ల దగ్గరికి వచ్చి, "ఓబుళమ్మా, అమ్మ కాళ్ళకు నీళ్ళివ్వు" అన్నాడు.

ఓబుళమ్మ ఖాళీ చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె ఆ ముసలావిడ వైపే చూస్తూ చెప్పింది. "నీళ్ళు లేవమ్మా."

"ట్యాంకులో ఉన్నాయని ఇప్పుడే కదా ఆవిడ చెప్పింది!" అని సార్ అరిచాడు.

"ఉండాయి. అవి గూడెపోళ్ళవి. చుట్టాలకు లేవు."

సార్ ఇంకా ఏదో అనబోతుంటే వాళ్ళమ్మ చెయ్యెత్తింది. ఆవిడ పుట్టింది పామూరు పక్కన పల్లెలో అని నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ మొహం చూడగానే, మాలాంటి ఊరి మనిషేనని గుర్తుపట్టాను. ఓబుళమ్మను పైనుంచి కిందిదాకా చూసింది, ఆ నూనె తలను, ఆ నలిగిన చీరను చూసింది.

"ఎన్నాళ్ళాయెనే నువ్వు నీళ్ళు పోసుకోని?"

ఓబుళమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. "కారు తిప్పమను."

"అమ్మా, ఆ ట్యాంకులో..."

"తిప్పమంటే తిప్పమను. మా దిక్కు ఆడది నోరు తెరిచి నీళ్ళు లేవని ఎప్పుడు చెప్తాదో నీకు తెలీదు. నాకు తెలుసు. అట్ల చెప్పినాక ఆ గడప తొక్కకూడదు, చుట్టానిది గూడా మర్యాదే."

ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తానే పోయి కారులో కూర్చుంది. ముసలామె కూర్చున్నాక పార్టనర్ల భార్యలు దిగలేదు. ఒకదాని వెనక ఒకటి కార్లు తిరిగి, దుమ్ము లేపుకుంటూ దోర్నాల వైపు పోయాయి. సార్ నా వైపు చూడలేదు. తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఓబుళమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది, మనిషి పోయిన ఇంట్లో ఏడ్చినట్టు. "అన్నా కదమ్మా సలోమమ్మా, ఇంటికొచ్చిన పెద్దామె కాళ్ళకు నీళ్ళడిగితే లేవని అన్నా కదా" అని పదే పదే అంది. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చుని చెప్పాను. "అత్తా, ఇంకొకరొస్తే ఇంకోసారి అను. రెండోసారి ఇంత కష్టముండదు."

చేరబోయేవాళ్ళకు

నా ఉద్యోగం మళ్ళీ రాలేదు. ఇమ్మని నేను అడగనూ లేదు. ఆ ఎండాకాలం లాడ్జి తెరుచుకోలేదు. ఓబుళమ్మతో పాటు ఆడవాళ్ళెవరూ తొలకరిదాకా పనికి పోలేదు, ఇంట్లో అమ్మ మాట దాటడం సార్‌కు చేతకాలేదు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం మూస్తున్నారు. 'అడవికి విశ్రాంతి' అని తన ఫోటోతో సార్ ప్రకటన వేసుకుంటున్నాడు. ఆయన తెలివేనని అందరూ మెచ్చుకుంటున్నారు. వేసుకోనీ. ఆయన ఫోటో వేసుకున్నందుకు ఈరమ్మ గూడెంలో నీళ్ళేం తగ్గవు కదా.

రెయిన్‌ఫారెస్ట్ బోర్డు ఇంకా ఉంది. దాన్ని దింపించలేకపోయానని నాకు కోపం ఇప్పటికీ పోలేదు.

మీలో ఎవరైనా అడవి లాడ్జిలో చేరితే, మొదటి రోజు జీతం గురించి కాదు, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి. బోరు చూపిస్తే, బోరు పక్కన ఎవరు తాగుతున్నారో నడిచిపోయి చూసి రండి. మీరు మన దిక్కు పిల్లలైతే మీకు ఇంకా కష్టం, ఎందుకంటే లేవనడం మన నాలుకకు రాదు. చుట్టాన్ని గడప మీద నిలబెట్టడం కంటే మనం మాడిపోవడం మేలనుకుంటాం. మనం మాడితే సరే. గూడెం మాడితే అది మర్యాద కాదు, దొంగతనం.

అందుకని, లేనప్పుడు లేవని చెప్పండి. నవ్వుతూ చెప్పక్కర్లేదు, చేతులు నలుపుకుంటూ చెప్పక్కర్లేదు. మిమ్మల్ని తీసేసినా సరే, గొంతు మాత్రం తగ్గించకండి.